ఒక్క చేత్తో హార్మోనియం: గాలి పని కాలికి అప్పగించడం ఎలా

హార్మోనియంలో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. మామూలుగా పాట వాయించేది ఒక్క చెయ్యే, రెండో చెయ్యి చేసేదల్లా తిత్తి కొట్టడం. అందుకే పక్షవాతం వచ్చో, ప్రమాదం జరిగో, పుట్టుకతోనో ఒక చెయ్యి పనిచేయనివాళ్లకు వీణ, ఫ్లూటు, వయొలిన్ కంటే ఈ పెట్టెను మార్చి ఇవ్వడం చాలా సులువు. వేళ్లతో నొక్కే మెట్ల జోలికి పెద్దగా వెళ్లక్కర్లేదు. గాలి ఎక్కడినుంచి వస్తుందన్నది తేలిస్తే సగం పైన పని అయిపోయినట్టే. వడ్రంగి పని కొంచెం తెలిసినవాళ్లు ఎవరైనా ఇంట్లోనే చేయొచ్చు, లేదా ఇది చదివి ఊళ్లో వడ్రంగికి చెప్పి చేయించుకోవచ్చు.

కాలితో గాలి కొట్టడం విడ్డూరమేమీ కాదు. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ పేటెంటు తీసుకున్న హార్మోనియం కాళ్లతో తొక్కేదే. మనం నేలమీద కూర్చుని వాయించుకోడానికి వీలుగా చేత్తో కొట్టే పెట్టె 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతిలో తయారైందంటారు. ఆ తర్వాత కూడా మన పద్య నాటకాల్లో కాలి హార్మోనియం ఉండనే ఉంది, హార్మోనిస్టు కింద పెడల్ తొక్కుతూ పైన రెండు చేతులతో వాయించేవాడు. పాత నాటక సమాజాల దగ్గర, పాత పెట్టెలు అమ్మేవాళ్ల దగ్గర అలాంటిది ఇంకా కనిపిస్తే ముందు దాన్నే చూడండి, కాకపోతే ఒక్క పాదంతో తొక్కినా గాలి సరిపోతోందో లేదో వాయించేవాళ్లను కూర్చోబెట్టి చూశాకే డబ్బులివ్వండి. దొరక్కపోతే మామూలు చేతి పెట్టెతోనే పని జరుగుతుంది, ఎలాగో చెప్తాను.

ముందు మనిషిని చూడండి

రంపం, స్క్రూలు తర్వాత. ముందు వాయించబోయే మనిషిని రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోబెట్టండి, నేలమీదైతే నేలమీద, కుర్చీలో అయితే కుర్చీలో. వాళ్లనే అడగండి: పనిచేయని చేతిలో అసలు ఏ కదలికా లేదా, లేక వేళ్లు మాత్రమే తెరుచుకోవా? భుజం నుంచి చెయ్యి ముందుకూ వెనక్కీ వస్తుందా? ఏ పాదం బాగా ఆడుతుంది, పది నిమిషాలు ఆడిస్తే నొప్పి వస్తుందా? పక్కన నిలబడి ఇంట్లోవాళ్లు సమాధానం చెప్పేస్తుంటారు, కాస్త ఆగమనండి.

పక్షవాతం వచ్చినవాళ్లలో సాధారణంగా ఒకే వైపు చెయ్యీ కాలూ దెబ్బతింటాయి. అంటే కుడి చేత్తో వాయించేవాళ్లకు ఆడే పాదం కూడా కుడిదే. ఇది గుర్తుపెట్టుకోండి, తాడు ఏ పక్కనుంచి లాగాలో దీన్నిబట్టే తేలుతుంది. చెయ్యి తెగిపోయినవాళ్లకు రెండు కాళ్లూ బాగుంటాయి కాబట్టి ఏ పక్కైనా ఒకటే. పోలియో వచ్చిన కాలితో తొక్కాలంటే పాదం పైకి లేవకపోవచ్చు, అలాంటప్పుడు తొడ నుంచి కాలంతా ఎత్తి దించే పద్ధతి పనిచేస్తుందేమో చూడాలి.

దీన్నిబట్టి దారి ఎంచుకోండి. చెయ్యి ముందుకూ వెనక్కీ వస్తూ, వేళ్లు మాత్రం పట్టు ఇవ్వకపోతే చేతికి పట్టీ చాలు. చెయ్యి అసలు రాకపోతే పెడల్. కాలు కూడా వీలుకాకపోతే మోటారు. ఇంకో దారి కూడా జనం చెప్తారు, మనవడో మనవరాలో పక్కన కూర్చుని తిత్తి కొడితే సరిపోతుందని. ఒకరోజు సరదాకి బాగానే ఉంటుంది గానీ నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. హార్మోనియంలో స్వరం పెరగడం, తగ్గడం, పదం చివర మెత్తగా ఆగడం అంతా గాలిలోనే ఉంటుంది, ఆ గాలి ఇంకొకరి చేతిలో ఉంటే పాటలో సగం వాళ్లదే. పైగా మనవడికి పరీక్షలొస్తే సాధన బంద్.

పెట్టె గాలి నిలుపుతోందా

ఇది చాలామంది వదిలేసే పని. రెండు చేతులూ బాగున్నవాళ్లు గాలి కారే పెట్టెను కూడా గబగబా కొట్టి నెట్టుకొస్తారు, తేడా తెలియదు. బలహీనమైన చేతికో, ఒక్క పాదానికో ఆ పెట్టె ఇస్తే పది నిమిషాల్లో ఆయాసం వచ్చి తప్పు తమ ఒంట్లోనే ఉందనుకుంటారు.

పరీక్ష ఇలా చేయండి. ఒకే ఒక స్టాపర్ (గాలి దారి తెరవడానికి లాగే గుండీ) బయటికి లాగి, తిత్తి నిండా కొట్టి, చెయ్యి తీసేసి, మధ్య స్థాయి షడ్జం ఒక్కటే నొక్కి పట్టుకోండి. ఎన్ని సెకన్లు పలికిందో ఫోన్‌లో చూసి రాసుకోండి. తర్వాత స్టాపర్లన్నీ మూసేసి, మెట్టు ఏదీ నొక్కకుండా మళ్లీ తిత్తి నిండా కొట్టి వదలండి, పెట్టె లోపల గాలి నిలవ ఉండే రెండో తిత్తి ఎంతసేపు నిండుగా ఉంటుందో చూడండి. మెట్టు ముట్టుకోకుండానే గాలి వెంటనే దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. మడతల మూలల్లో తోలు పగిలి ఉండొచ్చు, మెట్ల కింద గాలి దారిని మూసే తోలు అరిగి ఉండొచ్చు, పై పలక సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. మూలల్లో పగుళ్లకు పల్చటి తోలుముక్క ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా ఆరనివ్వండి, అది మీరే చేసుకోవచ్చు. మెట్ల కింద తోలు, రీడ్ల (గాలికి కదిలి స్వరం పలికే ఇత్తడి నాలుకల) పని మాత్రం హార్మోనియం రిపేరు చేసే ఆయనకే వదిలేయండి, రీడ్లు గీకితే శ్రుతి పోతుంది. బాగయ్యాక మళ్లీ అదే పరీక్ష చేసి సెకన్లు పోల్చుకోండి.

చేతికి పట్టీ

వేళ్లు మూసుకుపోయి లేదా బలం లేకుండా ఉండి, మోచెయ్యి మాత్రం ఆడేవాళ్లకు ఇది చాలు. రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీ, వెల్క్రో, లోపల మెత్తగా ఉండడానికి ఫోమ్ లేదా పాత నూలు బట్ట తీసుకోండి. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే అరగంటలో కుట్టిస్తారు. పట్టీ అరచేతి చుట్టూ వచ్చేలా, బొటనవేలి కింద నుంచి పోయేలా ఉండాలి, మణికట్టు దగ్గర బిగిస్తే రక్తం ఆడదు. దీని వెనక ఇంకో చిన్న వెల్క్రో ముక్క, దాని జోడీ తిత్తి పలక మీద. చెయ్యి ఆనిస్తే అతుక్కుంటుంది, కాస్త గట్టిగా లాగితే ఊడొస్తుంది. తాళ్లతో కట్టేయకండి, ఎవరైనా పిలిస్తే లేవలేని పరిస్థితి రాకూడదు.

ఒక్క జాగ్రత్త. పక్షవాతం వచ్చిన చేతిలో స్పర్శ సరిగ్గా తెలియకపోవచ్చు, ఒరుసుకుపోయినా నొప్పి అనిపించదు. మొదటి వారం పావుగంటకోసారి పట్టీ విప్పి చర్మం ఎర్రబడిందేమో కళ్లతో చూడాలి. టెన్షన్ పడితే ఆ చేతి కండరాలు ఇంకా బిగుసుకుంటాయి కూడా, అందుకే నలుగురిలో వాయించేటప్పుడు ఇంట్లో ఆడినంత తేలిగ్గా చెయ్యి ఆడదు. అది ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు. ఫిజియోథెరపీకి వెళ్తున్నవాళ్లయితే ఆ థెరపిస్టుకు ఒకసారి చూపించండి, ఈ కదలిక చేతికి మంచిదో కాదో వాళ్లే చెప్పగలరు.

కాలి పెడల్

అసలు పని ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి.

చేతి హార్మోనియంలో తిత్తి వెనకవైపు ఉంటుంది, రెండు పక్కలా క్లిప్పులు ఉంటాయి. ఒక పక్క క్లిప్పు తీసి, రెండోది అలాగే ఉంచితే తిత్తి తలుపులా ఒకవైపు నుంచే తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడు పలక మీది రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది, మూసినప్పుడు ఆ గాలి లోపలి తిత్తిలోకి వెళ్తుంది, అక్కడి స్ప్రింగులు దాన్ని రీడ్ల మీదికి నెడతాయి. అంటే మన పాదం చేయాల్సిన పని ఒక్కటే, మూయడం. తెరవడానికి రబ్బరు చాలు.

కావాల్సినవి: ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలు రెండు (ఒకటి అడుగు పలక, ఒకటి పెడల్), ఒక మడత బందు, సాగని అల్లిక నైలాన్ తాడు, బాల్కనీలో బట్టలు ఆరేసే హ్యాంగర్లకు వాడే చిన్న కప్పీ, పాత సైకిల్ ట్యూబు, రెండు మూడు సన్నటి రీపర్లు, కింద జారకుండా రబ్బరు మ్యాట్.

బల్ల గట్టిది తీసుకోండి, వెడల్పు పెట్టెకంటే ఒక అడుగైనా ఎక్కువ ఉండాలి, వెనక తిత్తి తెరుచుకోడానికీ రబ్బరు కట్టడానికీ చోటు కావాలి. పెట్టెను బల్లమీద పెట్టి, దాని ముందు అంచుకూ పక్కలకూ ఆనుకునేలా రీపర్లు బల్లకు స్క్రూ చేయండి. పెట్టెకు మాత్రం స్క్రూ వేయకండి, రేపు ఇంకొకరు వాయించాలన్నా అమ్మాలన్నా అది మామూలు పెట్టెలాగే ఉండాలి.

ఇప్పుడు తాడు. ఆడే పాదం కుడిదైతే తిత్తి కుడివైపు క్లిప్పు తీయండి, ఎడమదైతే ఎడమది. అలా తెరుచుకునే అంచున క్లిప్పు తగులుకునే ఇత్తడి బొడిపె ఉంటే తాడు దానికే కట్టేయొచ్చు, లేకపోతే చిన్న కొక్కెం బిగించాలి, గాలి రంధ్రాలకు దూరంగా, స్క్రూ మొన పలక దాటి లోపలికి రాకుండా. తాడు అక్కడినుంచి పెట్టె పక్కగా సూటిగా ముందుకు వచ్చి, బల్ల ముందు అంచున ఉన్న కప్పీ మీదుగా కిందికి దిగాలి. కప్పీ ఎత్తు కొక్కెం ఎత్తుతో సమానంగా ఉండాలి, లేకపోతే తాడు తిత్తిని వంకరగా లాగి మడతల్ని చింపేస్తుంది. దానికోసం కప్పీని నేరుగా బల్లకు కాకుండా ఒక చిన్న చెక్క దిమ్మెకు బిగించి, ఆ దిమ్మెను బల్లకు బిగించండి.

సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు చీల్చి, అదే అంచుకు ఒక కొసా, బల్ల వెనక రీపరుకు ఇంకో కొసా కట్టండి. ఎంత బిగువు ఉండాలంటే, తాడు వదిలేస్తే తిత్తి దానంతటదే నెమ్మదిగా తెరుచుకోవాలి, అంతే. ఎక్కువ బిగిస్తే ప్రతి తోపులోనూ పాదం ఆ రబ్బరుతో కుస్తీ పడుతుంది. తిత్తి మరీ వెనక్కి పోకుండా తాడుకు ఒక ముడి వేయండి, కప్పీ దగ్గర తగులుకుని ఆగుతుంది.

పెడల్ సంగతి. అడుగు పలకకు మడమ వైపు మడత బందుతో పెడల్ పలక బిగించి, వేళ్ల వైపు కొసకు తాడు కట్టాలి. పాదం పొడవు కంటే మూడు నాలుగు అంగుళాలు ముందుకు ఉంటే ఎక్కువ దూరం లాగుతుంది, ఇంకా పొడుగైతే బరువనిపిస్తుంది. మడమ వెనక చిన్న అడ్డుపట్టీ కొట్టండి, పాదం జారదు. తాడు పొడవు మార్చుకునేలా నాలుగైదు ముడులు వేసి పెడల్‌కు ఒక కొక్కెం పెట్టండి, ఎందుకంటే చెప్పులు లేకుండా వాయించినప్పుడు ఒక కొలత, కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే లోహపు చట్రం) లేదా బూటు వేసుకున్నప్పుడు ఇంకో కొలత వస్తుంది.

కొన్ని పెట్టెల్లో తిత్తి పక్కనుంచి కాకుండా పైనుంచి తెరుచుకుంటుంది. వాటికి రెండు పక్కలా తాళ్లు వేసి ముందుకు తెచ్చి ఒకే పెడల్‌కు కలపాలి, రెండు తాళ్లూ సమానంగా బిగిసి ఉండాలి. అది కాస్త చిరాకు పని, వీలైతే పక్కనుంచి తెరుచుకునే పెట్టెనే ఎంచుకోండి.

మోటారు

కాలు కూడా ఆడనివాళ్లకే ఇది. చిన్న 12 వోల్టుల డీసీ బ్లోయర్, దానికి వేగం తగ్గించే రెగ్యులేటరు, మెత్తటి పైపు. తిత్తి పలక మీద రంధ్రాలకు గాలి చొరబడకుండా ఒక మూత తయారుచేసి పైపు దానికి కలపాలి. ఇది రిపేరు చేసే ఆయన పక్కన ఉండగా చేయించండి. బ్లోయర్‌ను పెట్టెకు దూరంగా, లోపల ఫోమ్ వేసిన డబ్బాలో పెడితే రొద తగ్గుతుంది, గాలి పీల్చుకునే దారి మాత్రం మూసేయకూడదు. వేగం సున్నా నుంచి మొదలుపెట్టి, అడుగు స్థాయి మంద్ర స్వరాలు తడబడకుండా పలికే దాకా పెంచి అక్కడ ఆపండి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని చూస్తే శ్రుతి కదిలిందేమో తెలుస్తుంది. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, తిత్తి చిరుగుతుంది. వేగం మార్చే బొత్తాన్ని గడ్డంతోనో మోచేతితోనో వాడేలా పెడితే స్వరం పెంచడం, తగ్గించడం మళ్లీ వాయించేవాళ్ల చేతిలోకి వస్తుంది.

ఇంత హైరానా ఎందుకు, కీబోర్డు కొనుక్కుంటే హార్మోనియం టోన్ ఉంటుంది కదా అంటారు. నిజమే, గాలి గొడవే ఉండదు, కొంతమందికి అదే సరైనది. కానీ ఏళ్ల తరబడి భజనలో పెట్టె వాయించిన మనిషికి ఆ టోన్ వినిపిస్తే మొహం ఎలా పెడతారో చూడండి, మీకే తెలుస్తుంది.

మెట్ల దగ్గర చేయగలిగినవి

ఎడమ చేత్తో వాయించాల్సివస్తే వేళ్ల వరస తిరగబడుతుంది, పైకి వెళ్లేటప్పుడు బొటనవేలు చివర వస్తుంది. పాత అలవాటు కొన్నాళ్లు అడ్డుపడుతుంది. సరళీ వరసల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది, నామోషీ పడక్కర్లేదు.

వేళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకు మెట్ల స్ప్రింగులు కాస్త వదులు చేయించొచ్చు, అతిగా వదులు చేస్తే నొక్కకుండానే మెట్టు పలుకుతుంది. కప్లర్ వేస్తే ఒక మెట్టు నొక్కితే దాని జోడీ స్థాయి కూడా పలుకుతుంది గానీ నొక్కడానికి బరువవుతుంది, గాలీ ఎక్కువ తింటుంది, కాబట్టి మొదట్లో కప్లర్ మూసే ఉంచండి. శ్రుతికి ఆధారం కావాలంటే ఒకే స్వరాన్ని ఆగకుండా పలికించే డ్రోన్ స్టాపర్ లాగొచ్చు, అది లేని పెట్టెలో షడ్జం మెట్టు పక్కన మడిచిన కాగితం దోపి నొక్కి ఉంచడం మన భజనల్లో పాత చిట్కానే. ఒకటి రెండు వేళ్లే ఆడేవాళ్లకు స్కేల్ ఛేంజర్ (మెట్ల వరసను పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే ఏర్పాటు) ఉన్న పెట్టె బాగా పనికొస్తుంది, గాయకుడి శ్రుతి ఒకటైనా ఐదున్నరైనా తమకు తేలికైన చోటే వేళ్లు పెట్టుకోవచ్చు. అసలు వేళ్లే లేనివాళ్లకు అరచేతి పట్టీలో రబ్బరు మొన ఉన్న పుల్ల బిగిస్తే ఒక్కో స్వరం చొప్పున వాయించగలరు, నెమ్మది కీర్తనలు, పద్యాల రాగాలు అలా హాయిగా వస్తాయి.

కూర్చోవడం

మోచెయ్యి నుంచి మణికట్టు దాకా నేలకు సమాంతరంగా ఉండాలి, మెట్లు ఆ ఎత్తుకు రావాలి. చక్రాల కుర్చీ అయితే ముందు మోకాళ్ల పై ఎత్తు, చేతి ఆనుడు ఎత్తు రెండూ టేపుతో కొలిచి, తర్వాతే బల్ల చేయించండి. పనిచేయని చెయ్యి కిందికి వేలాడకూడదు, భుజం కీలు లాగేసి నొప్పి పుడుతుంది, ఒళ్లో దిండు పెట్టి దానిమీద ఉంచండి.

సాధన

మొదటి కొన్ని రోజులు పాట వద్దు. షడ్జం ఒక్కటి నొక్కి పట్టుకుని, పాదంతో చిన్న చిన్న తోపులు ఇస్తూ స్వరం ఎక్కడా ఉబ్బకుండా, పడిపోకుండా నిలపడం నేర్చుకోవాలి. చాలామందికి పాదం తాళంతో పాటు ఊగడం మొదలుపెడుతుంది, అప్పుడు ప్రతి దెబ్బకూ స్వరం ఒక ఎగురు ఎగురుతుంది. ఇది పోవాలంటే షడ్జం పలుకుతుండగా నోటితో ఆది తాళం లెక్కపెట్టండి, పాదాన్ని మాత్రం కావాలనే లెక్కకు దూరంగా ఆడించండి. లోపలి తిత్తి ఎప్పుడూ ముప్పావు వంతు నిండి ఉంటే చాలు, ఖాళీ అయ్యాక గట్టిగా తొక్కడం కంటే ఖాళీ కాకముందే మెల్లగా నింపుతూ పోవడం తేలిక. మా పెదనాన్న నాటకాలకు వాయించిన మనిషి, పెడల్ కట్టాక ఆయనకు వేళ్లు రెండు రోజుల్లో దారిలో పడ్డాయి గానీ పాదం లొంగడానికి చాలా కాలం పట్టింది, అంతకాలం పద్యం చివర రాగం తీసినప్పుడల్లా గాలి అయిపోయి విసుక్కునేవాడు. షడ్జం కుదిరాక మాయామాళవగౌళలో సరళీ వరసలు, ఆ తర్వాత మీకు బాగా వచ్చిన భజన ఒకటి.

సంగీత పాఠశాలలో చేరాలనుకుని, ఇలాంటి పెట్టెతో కుదరదని ఎవరైనా అంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సంస్కృతి, వినోదాల గురించే ఉందని చెప్పి, దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి.

బయట కార్యక్రమానికి వెళ్లేటప్పుడు వాళ్లిచ్చే బల్ల మీద ఆధారపడకండి. రీపర్లు, కప్పీ దిమ్మె బిగించిన ఒక ప్లైవుడ్ పలక విడిగా చేయించుకుంటే దాన్ని ఏ బల్ల మీదైనా రెండు సీ-క్లాంపులతో బిగించుకోవచ్చు. పెట్టె సంచిలో అదనంగా ఒక తాడు, ఒక ట్యూబు ముక్క, ఒక స్క్రూడ్రైవర్ ఉంచండి. తాడు కప్పీ దగ్గరే అరుగుతుంది, నెలకోసారి అక్కడ వేలితో తడిమి, పోగులు లేస్తుంటే మార్చేయండి.